బరోక్ దారుశిల్పం: పునీతుల ప్రతిమలు, క్వయర్ ఆసనాలు

సుమారు 1600 నుంచి 1780 దాకా ప్రధానంగా యూరప్‌లోని కథోలిక చర్చిల్లో వికసించిన కొయ్యచెక్కడపు కళను బరోక్ దారుశిల్పం అంటారు. ఇందులో ముఖ్యమైనవి రెండు. బలిపీఠాల మీదా గూళ్లలోనూ నిలిపే పునీతుల ప్రతిమలు ఒకటి. గురువులూ మఠవాసులూ కూర్చుని కీర్తనలు పాడే క్వయర్ ఆసనాలు రెండోది. స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్లాండర్స్ ఈ కళకు పట్టుగొమ్మలు. ఇటలీలో పాలరాయికీ కంచుకీ దక్కిన గౌరవం కొయ్యకు దక్కలేదు. అయినా జెనోవాలో ఆంటోన్ మరియా మరల్యానో (1664–1739), బెల్లూనోలో ఆంద్రేయా బ్రుస్తొలోన్ (1662–1732) కొయ్యనే నమ్ముకుని పేరు తెచ్చుకున్నారు.

కళాచరిత్ర పుస్తకాలు తరచు ఈ రెండింటినీ విడదీసి, ప్రతిమలను శిల్పం కిందా ఆసనాలను వడ్రంగం కిందా చేరుస్తాయి. ఇది సరైన విభజన కాదు. చెక్కిన చేతులు చాలాచోట్ల ఒక్కటే. తేడా అంతా చెక్కను దాచాలా చూపాలా అన్న దగ్గర ఉంది. పునీతుడి ప్రతిమలో అది కొయ్య అన్న సంగతే చూసేవాడు మరిచిపోవాలి. మీదంతా చర్మం, గుడ్డ, కన్నీరు కనబడాలి. ఆసనాల్లో మాత్రం రంగు పడని చెక్క తన చారలతో, తన ముదురు వన్నెతో అలాగే నిలుస్తుంది. ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆ శిల్పుల నైపుణ్యం ఎంతటిదో తెలుస్తుంది.

ట్రెంట్ మహాసభ, దాని ఫలితం

16వ శతాబ్దిలో ప్రొటెస్టెంట్ ఉద్యమం పుంజుకున్న కొద్దీ చర్చి ప్రతిమల మీద దాడి మొదలైంది. 1524లో జ్యూరిక్ చర్చిల్లోంచి విగ్రహాలను తీసివేశారు. 1566లో నెదర్లాండ్స్ అంతటా వాటిని పగలగొట్టారు. దీనికి కథోలిక సంఘం ఇచ్చిన జవాబు ట్రెంట్ మహాసభ (1545–1563) చివరి సమావేశంలో, 1563 డిసెంబరులో వెలువడింది. ప్రతిమలు చర్చిలో ఉండాలి, చదువు రానివారికి అవి బోధన చేస్తాయి, వాటికి చేసే వందనం కొయ్యకు కాదు, ఆ కొయ్య గుర్తుచేసే వ్యక్తికి చెందుతుంది అన్నది ఆ తీర్మానం సారం. అసభ్యతకు, మూఢనమ్మకానికి తావివ్వకూడదని కూడా అందులో ఉంది.

ఈ తీర్మానంతో శిల్పికి పని పెరిగింది, బాధ్యతా పెరిగింది. చూసినవాడి మనసు కరగాలి, కానీ అది విగ్రహపూజ అనిపించకూడదు. అంతవరకూ పొడవాటి ముఖాలతో, బిగుసుకున్న భంగిమలతో ఉండే పునీతులు ఇప్పుడు చూసేవాడి లాంటి మనుషులయ్యారు. మోకాళ్ల మీద కాయలు, ఉబ్బిన నరాలు, ఏడ్చి ఎర్రబడిన కనురెప్పలు కొయ్యలోకి వచ్చాయి.

క్వయర్ ఆసనాల మీద మాత్రం ఈ సంస్కరణ ప్రభావం ఒక్క తీరుగా లేదు. కొత్తగా పుట్టిన జెసూట్ సభవారికి గుంపుగా కూర్చుని వేళవేళకీ కీర్తనలు పాడే నియమం లేదు. అందుకే వాళ్ల చర్చిల్లో క్వయర్ ఆసనాల వరసలు కనబడవు. ఆ డబ్బు, ఆ పనితనం బలిపీఠాలకూ ప్రసంగ వేదికలకూ పాపసంకీర్తన గూళ్లకూ వెళ్లింది. లూవెన్ జెసూట్ చర్చి కోసం హెండ్రిక్ ఫ్రాన్స్ వెర్‌బ్రుగెన్ 1699లో చెక్కిన ప్రసంగ వేదిక దీనికి గొప్ప ఉదాహరణ. ఏదెను తోటనుంచి ఆదాము, హవ్వలను గెంటివేసే దృశ్యం దాని కింది భాగమంతా అల్లుకుని ఉంటుంది. ఆ సభ రద్దయ్యాక అది బ్రస్సెల్స్ కేథడ్రల్‌కు చేరి ఇప్పటికీ అక్కడే ఉంది. బెనడిక్టైన్ మఠాలు, కార్తూసియన్ మఠాలు, స్పెయిన్ కేథడ్రళ్ల గురుమండలులు మాత్రం క్వయర్ ప్రార్థనను వదల్లేదు. గొప్ప ఆసనాల్లో చాలావరకు వాళ్లు చేయించినవే.

రంగు కింద కొయ్య

స్పెయిన్ ప్రతిమ ఒక్క మనిషి చేసిన పని కాదు. ముందు వడ్రంగి ఆరిన కొయ్యపలకలను జిగురుతో అతికి దిమ్మె తయారుచేస్తాడు. పైన్, సైప్రస్, సెడార్ ఎక్కువగా వాడేవారు. ఆల్ప్స్‌కు ఉత్తరాన మెత్తగా, చార తక్కువగా ఉండే లిండెన్ కొయ్యకు సాటి లేదు. శిల్పి మలిచాక లోపలి భాగాన్ని తొలిచేస్తారు. దీనివల్ల బరువు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, కొయ్య ఎండి ముడుచుకునేటప్పుడు పగలకుండా ఉంటుంది. గాజు కళ్లు పెట్టాలంటే ముఖాన్ని ముసుగులా కోసి విడదీసి, వెనకనుంచి కళ్లు అమర్చి మళ్లీ అతికించాలి.

తరవాత రంగుల పనివాడి వంతు. అతుకుల మీద నారగుడ్డ అంటించి, చర్మాలు కాచిన జిగురులో సుద్ద కలిపి పూతమీద పూత వేస్తారు; ముందు మోటుగా, తరవాత మెత్తగా. మన కొండపల్లిలో తెల్ల పొణికి బొమ్మకు చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు పెట్టి, సున్నం పూసి, ఆ మీదట రంగు వేసే వరస చూసినవారికి ఈ క్రమం కొత్తగా అనిపించదు. బట్టలు వచ్చే చోట ఎర్రమట్టి పూత వేసి, దానిమీద బంగారు రేకు అతికి, నునుపు రాయితో మెరుగు పెడతారు. ఆ బంగారం మొత్తాన్నీ గుడ్డుసొన కలిపిన రంగుతో కప్పేస్తారు. రంగు ఆరాక సన్నని మొనతో గీకితే కింది బంగారం తీగలుగా, పువ్వులుగా బయటపడి జరీ నేసిన పట్టులా మెరుస్తుంది. ఈ పనిని ఎస్తొఫాదో అంటారు. కొవ్వొత్తి వెలుగు కదిలినప్పుడల్లా ఆ గీతలు కదిలినట్టుంటాయి. విద్యుద్దీపాల కింద, మ్యూజియం గాజు వెనక ఈ ప్రభావం సగానికి సగం పోతుంది.

ముఖం, చేతులు, పాదాలకు నూనెరంగు. ఇక్కడ రెండు పద్ధతులు పోటీపడ్డాయి. ఒకటి మెరిసే చర్మం, రెండోది మెరుపులేని చర్మం. సెవీయ చిత్రకారుడు, వెలాస్కెజ్‌కు గురువూ మామగారూ అయిన ఫ్రాన్సిస్కో పచేకో మెరుపులేని పూతే సహజమని గట్టిగా వాదించాడు. అతను పోయాక 1649లో అచ్చయిన చిత్రకళా గ్రంథంలో ఈ వాదన ఉంది. మెరుపు పూత మీద వెలుగు పడి చెదిరిపోతుంది, శిల్పి మలిచిన ఒంపు కనబడదు అన్న అతని మాట సబబుగానే ఉంది. సెవీయ ప్రతిమల ముఖాల్లోని ప్రశాంతతకు ఈ పూతా ఒక కారణమే.

శ్రేణుల కట్టుబాట్లు ఈ పనివిభజనను చట్టంగా మార్చాయి. చెక్కేవాడు రంగు వేయకూడదు. రంగు వేసే హక్కు చిత్రకారుల శ్రేణిది. సెవీయ శిల్పి మొంతాన్యేస్ ఒక పెద్ద బలిపీఠానికి చెక్కడమూ రంగూ కలిపి తానే ఒప్పందం రాసుకున్నప్పుడు పచేకో 1622లో దాన్ని తప్పుపడుతూ కరపత్రం రాశాడు. డబ్బు తగాదా మాట అలా ఉంచితే, రంగుల పనివాడు ఎంత ముఖ్యుడో ఆ కరపత్రం చెబుతుంది. ఇవాళ మనం శిల్పి పేరు మాత్రమే తలుచుకోవడం ఆ రెండో మనిషికి అన్యాయం.

సెవీయ, వయ్యదోలీద్ శిల్పులు

హువాన్ మార్తీనెస్ మొంతాన్యేస్ (1568–1649)ను సమకాలికులు కొయ్యకు దేవుడు అన్నారు. అతని ప్రతిభకు పరాకాష్ఠ సెవీయ కేథడ్రల్‌లో ఉన్న కరుణామూర్తి సిలువ. 1603లో మతెయో వాస్కెస్ దె లేక అనే గురువు దీన్ని చేయించుకున్నాడు. ఆ ఒప్పందపత్రం చదవదగ్గది. క్రీస్తు ఇంకా ప్రాణంతో ఉండాలి. తల కుడివైపు వాలాలి. పాదాల దగ్గర ప్రార్థించేవాడిని చూస్తూ, నీ కోసమే ఇదంతా అని మాట్లాడుతున్నట్టు ఉండాలి అని అందులో షరతు. కొలతలూ కూలీ రాసుకునే కాగితంలో చూపు గురించి రాసుకున్నారు. ఆ షరతును శిల్పి అక్షరాలా నెరవేర్చాడు. దూరంనుంచి చూస్తే కళ్లు మూసినట్టే ఉంటాయి. మోకరిల్లి తల ఎత్తితే తప్ప ఆ చూపు అందదు. రంగు వేసింది పచేకో. వెలాస్కెజ్ 1635 ప్రాంతంలో గీసిన చిత్రంలో ఈ శిల్పి నాలుగో ఫిలిప్ రాజు తలను మట్టితో మలుస్తూ కనబడతాడు. ఆ చిత్రం మాద్రిద్ ప్రాదో మ్యూజియంలో ఉంది.

మొంతాన్యేస్ శిష్యుడు హువాన్ దె మెస (1583–1627) ఊరేగింపు ప్రతిమల్లో గురువును మించాడు. 1620 నాటి అతని ‘మహాశక్తి యేసు’ సిలువ మోస్తూ ఒక అడుగు ముందుకు వేసి ఉంటాడు. పవిత్రవారంలో మోసేవాళ్ల నడకకు ఊగినప్పుడు ఆ అడుగు నిజంగా పడినట్టుంటుంది. చాలాకాలం ఆ ప్రతిమను గురువు పనే అనుకున్నారు. అది మెస పని అని 20వ శతాబ్దిలో పాత కాగితాలు దొరికాకనే తేలింది.

ఉత్తరాన వయ్యదోలీద్‌లో గ్రెగోరియో ఫెర్నాందెస్ (1576–1636) దారి వేరు. అతను నొప్పిని తగ్గించి చూపడు. అతని శయనక్రీస్తు ప్రతిమల్లో గాజు కళ్లు అరమూతగా ఉంటాయి, పళ్లు దంతంతో లేదా ఎముకతో, గోళ్లు కొమ్ముతో చేసి ఉంటాయి. గడ్డకట్టిన నెత్తురు కోసం బెండు, బంక వాడాడు. మూడో ఫిలిప్ రాజు చేయించి ఎల్ పార్దో మఠానికి ఇచ్చిన ప్రతిమ (సుమారు 1615) వీటిలో ప్రసిద్ధం. ఈ వాస్తవికత కొందరికి మోతాదు మించినట్టు తోస్తుంది. కానీ ఫెర్నాందెస్ చేతిలో దేహం నలిగినా దాని గౌరవం నలగదు. నడుము ఒంపూ జుట్టు పాయలూ చెక్కిన తీరులో ఉన్న శ్రద్ధ దీనికి సాక్ష్యం.

లూయీస రొల్దాన్ (1652–1706) సెవీయ శిల్పి పేద్రో రొల్దాన్ కూతురు. తండ్రి కార్ఖానాలోనే పని నేర్చి, 1692లో రెండో కార్లోస్ రాజుకు ఆస్థానశిల్పి అయింది. ఆ ఏడాదే ఎస్కోరియల్ కోసం సైతానును తొక్కుతున్న మిఖాయేలు దూతను చెక్కింది. రంగు వేసింది మరిది తోమాస్. పదవి వచ్చినా జీతం సరిగా అందక రాజుకు అర్జీలు పెట్టుకుంటూనే బతికింది.

పేద్రో దె మేన: రెండు పద్ధతులూ ఒకే చేతిలో

గ్రనాదలో చిత్రకారుడూ శిల్పీ అయిన అలోన్సో కానో (1601–1667) దగ్గర పని మెరుగుపరుచుకున్న పేద్రో దె మేన (1628–1688) 1658లో మాలగ కేథడ్రల్ ఆసనాల పని ఒప్పుకున్నాడు. అది సగంలో ఆగిన పని. దాన్ని మొదలుపెట్టిన లూయిస్ ఓర్తిస్ దె వర్గాస్ అంతకు ముందు పెరూలోని లీమా కేథడ్రల్ ఆసనాల పనిలో పాలుపంచుకుని వచ్చినవాడు. ఆ తరవాత హోసె మికాయెల్ వచ్చాడు, పోయాడు. మిగిలిన నలభై పునీతుల ఫలకాలను మేన 1662 నాటికి పూర్తిచేశాడు.

ఇక్కడ రంగు లేదు, గాజు కళ్లు లేవు. ఉన్నదల్లా ఉలి గాటు, దాని మీద పడే నీడ. ఒక్కో ఆసనం వెనక ఒక్కో పునీతుడు పలకలోంచి దాదాపు పూర్తిగా బయటికి వచ్చి నిలబడతాడు. ముతక అంగీ మడతను లోతుగా, ఒకే కోణంలో కోశాడు; సన్నని బట్ట మడతను పలచగా, ఒరుసుకుపోయేలా తీశాడు. నరిసిన గడ్డానికీ యువకుడి గడ్డానికీ తేడా తెలుపూ నలుపూ లేకుండా చూపాలంటే వెంట్రుక పాయ లావు మార్చడం ఒక్కటే మార్గం. మేన అదే చేశాడు. నలభైమందిలో ఏ ఇద్దరి ముఖమూ కలవదు.

ఈ పని ముగించి అతను మాద్రిద్, తొలేదో వెళ్లాడు. 1664లో మాద్రిద్ జెసూట్‌ల కోసం చెక్కిన మగ్దలేన మరియ ప్రతిమ ఇప్పుడు వయ్యదోలీద్‌లోని జాతీయ శిల్ప మ్యూజియంలో ఉంది. ఈత చాప లాంటి ముతక అల్లికను ఒంటికి చుట్టి, తాడు కట్టుకుని, వట్టి కాళ్లతో నిలుచుని ఎడమచేతిలోని సిలువను చూస్తోంది. కుడిచెయ్యి రొమ్ముమీద ఉంది. చాపలో అడ్డం పడే పోగు, నిలువు పోగు ఒక్కొక్కటీ ఉలితో తీసినవే. చివర్లలో పీచు రేగి ఉంటుంది. జుట్టు పాయలు తడిసి బుగ్గలకు అంటుకున్నట్టు జారతాయి. మాలగలో రంగు సాయం లేకుండా నలభై ఫలకాలు చెక్కిన అనుభవమే ఈ చాపను ఇచ్చిందని నా నమ్మకం. రంగు వేయబోతున్నారు కదా అని శిల్పి ఎక్కడా పని తగ్గించలేదు.

ఆసనాల అమరిక

క్వయర్ ఆసనాలు ఎదురెదురుగా రెండు వైపులా ఉంటాయి. కీర్తనలో ఒక చరణం ఈ వైపువారు, మరుసటి చరణం ఆ వైపువారు అందుకోవాలి కాబట్టి ఈ అమరిక. వెనక వరస ఎత్తుగా, పెద్దలకు. ముందు వరస పల్లంగా, చిన్నవారికి. నడుమ పెద్ద పీట మీద రాగాల గ్రంథం. అందరికీ కనబడేటంత పెద్ద అక్షరాలతో రాసినది. చేతులు ఆనించే పలకలు రెండు ఎత్తుల్లో ఉంటాయి, ఒకటి కూర్చున్నప్పటికి, ఒకటి నిలబడ్డప్పటికి. కూర్చునే పలక మడత బందుల మీద పైకి లేస్తుంది. దాని అడుగున బెత్తెడు దిమ్మె ఒకటి ఉంటుంది. గంటలకొద్దీ నిలబడాల్సిన ముసలి గురువు దానిమీద నడుము కొద్దిగా ఆనించి, నిలబడినట్టే ఉంటూ సేదతీరవచ్చు. మిసెరికార్డ్ అనే ఈ దిమ్మెల మీద మధ్యయుగపు వడ్రంగులు జంతువులనూ వింత ముఖాలనూ చెక్కేవారు; బరోక్ ఆసనాల్లో అది తరచు ఆకుతీగగానో బాలదూత ముఖంగానో మారింది.

స్పెయిన్‌లో ఆసనాలను చర్చి నడిమధ్యన, గోడల ఆవరణలో పెట్టడం ఆచారం. కోర్దోబలో 8వ శతాబ్దపు మసీదు నడుమ 16వ శతాబ్దిలో లేపిన కేథడ్రల్‌లో పేద్రో దుకె కోర్నెహో (1678–1757) చేసినవి ఈ సంప్రదాయపు చివరి మహాకృతి. ఇతను పేద్రో రొల్దాన్ మనవడు, లూయీసకు మేనల్లుడు. 1748లో మొదలుపెట్టి, పని పూర్తయిన 1757లోనే కన్నుమూశాడు. ఆ కేథడ్రల్‌లోనే సమాధి చేశారు. కొయ్య కరీబియన్ నుంచి ఓడల్లో తెచ్చిన మహాగని. గట్టి కొయ్య కావడంతో సన్నని గాటును కూడా నిలుపుకుంది. పాత, కొత్త నిబంధనల కథలూ కోర్దోబ వేదసాక్షుల బొమ్మలూ అందులో ఉన్నాయి.

జర్మనీ దక్షిణాన బుక్స్‌హైమ్ కార్తూసియన్ మఠపు ఆసనాల కథ మరోలా నడిచింది. టిరోల్ శిల్పి ఇగ్నాజ్ వైబెల్ 1687–1691 మధ్య వాటిని ఓక్ కొయ్యతో చెక్కాడు. మెలితిరిగిన స్తంభాలు, వాటి మధ్య ప్రవక్తలు, మఠస్థాపకులు, చేతిపలకల చివర నోళ్లు తెరిచిన వింత ముఖాలు. 1803లో ప్రభుత్వం మఠాలను స్వాధీనం చేసుకున్నాక అవి ప్రభువుల చేతికి పోయి, 1883లో వేలంలో అమ్ముడై లండన్‌లోని ఒక ఆసుపత్రి ప్రార్థనాలయానికి చేరాయి. 1980లో తిరిగి బుక్స్‌హైమ్ వచ్చాయి.

అదే ప్రాంతంలోని ఒట్టోబోయ్‌రెన్ బెనడిక్టైన్ చర్చిని 1766లో ప్రతిష్ఠించారు. అక్కడ యోసెఫ్ క్రిస్టియాన్ (1706–1777) లిండెన్ ఫలకాలను బంగారు పూతతో మెరిపించాడు. ఒక వైపు పాత నిబంధన ఘట్టాలు, మరో వైపు బెనడిక్ట్ జీవితం. కార్ల్ యోసెఫ్ రీప్ చేసిన రెండు ఆర్గన్‌లు ఆ ఆసనాల మీదే లేచి, ఆసనమూ వాద్యమూ ఒకటే కట్టడంగా కనబడతాయి.

ప్రొటెస్టెంట్ ఇంగ్లండ్‌లో పునీతులకు చోటు లేదు. లండన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్ ఆసనాలకు 1690లలో గ్రిన్లింగ్ గిబ్బన్స్ (1648–1721) పూలు, పండ్లు, బాలదూతల ముఖాలు చెక్కాడు. రేకు పలచన, కాడ ఒంపు అచ్చంగా తోటలోంచి తెచ్చినట్టుంటాయి. కొయ్య పనితనంలో మేనకు ఏమాత్రం తీసిపోడు.

తెల్లని పునీతులు

18వ శతాబ్ది బవేరియాలో రంగు పద్ధతి మారింది. రొకొకో శైలి చర్చిల తెల్లగోడలకు తగ్గట్టు పునీతులకు తెల్లపూత వేసి, పింగాణీలా మెరుగుపెట్టడం వ్యాపించింది. ఇగ్నాజ్ గుంతర్ (1725–1775) తెల్లపూతలోనూ రంగులోనూ సమర్థుడు. మ్యూనిక్ బ్యుర్గర్‌జాల్ చర్చిలోని కావలిదూత (1763) చిన్నపిల్లవాడి చెయ్యి పట్టుకుని నాట్యపు అడుగులో నడిపిస్తాడు. రోట్ అమ్ ఇన్ చర్చిలో చక్రవర్తిని కునిగుండె ప్రతిమ రాజసభలోని స్త్రీలా తల తిప్పి నిలబడుతుంది. చనిపోడానికి ఏడాది ముందు, 1774లో, నెన్నింగెన్ చర్చికి చెక్కిన మరియమాత ఒడిలో కొడుకు దేహం ఉన్న ప్రతిమలో ఆ సొగసంతా వదిలేశాడు. అతని పనుల్లో అదే గొప్పది.

సముద్రాల అవతల

లీమా కేథడ్రల్ ఆసనాలు 1620లలో మొదలయ్యాయి. వాటిని చివరకు నడిపించినవాడు కతలాన్ శిల్పి పేద్రో దె నొగెర. మెక్సికో నగరంలో సాల్వదోర్ ఓకంపో 1701–1702లో అగస్టీన్ మఠానికి చేసిన అక్రోటు కొయ్య ఆసనాలు ఇప్పుడు సాన్ ఇల్దెఫోన్సో పాత కళాశాలలో ఉన్నాయి. కీతోలో బెర్నార్దో దె లెగార్ద 1734లో రెక్కలున్న మరియమాతను నాట్యభంగిమలో చెక్కాడు. దాని నమూనానే 20వ శతాబ్దిలో ఆ ఊరి కొండమీద బ్రహ్మాండంగా కట్టారు. బ్రెజిల్ శిల్పి అలెయ్‌జాదిన్యో తన పనివాళ్లతో కలిసి 1796–1799లో కొంగొన్యాస్‌లో క్రీస్తు శ్రమల దృశ్యాలకు 66 సెడార్ ప్రతిమలు చేశాడు. జబ్బుతో చేతులు దెబ్బతిన్న దశలో చేసిన పని అది.

మన దేశంలో గోవా దీనికి కేంద్రం. బోం జేసు బసిలికాలో బంగారు పూత పూసిన కొయ్య బలిపీఠం గోడంతా పరుచుకుని ఉంటుంది. క్రైస్తవ ప్రతిమలను హిందూ పనివాళ్లచేత చేయించకూడదని 1567 గోవా సభ ఆంక్ష పెట్టింది. కానీ గోవా ప్రతిమల్లోని తామరరేకులూ కళ్ల తీరూ స్థానిక చేతుల పనేనని చెబుతున్నాయి. పాత గోవాలోని సాంత మోనిక మఠంలో ఉన్న క్రైస్తవ కళా మ్యూజియంలో వీటిని చూడవచ్చు.

నష్టం, పునఃపరిశీలన

స్పెయిన్‌లోని ముర్సియలో ఫ్రాన్సిస్కో సాల్సీయో (1707–1783) ఆ దేశపు ప్రతిమల సంప్రదాయంలో చివరి పెద్ద శిల్పి. అతని అంతిమభోజనం (1763) గుడ్ ఫ్రైడే ఊరేగింపులో నేటికీ భుజాల మీద వెళుతుంది. ఆ రోజున కొయ్య శిష్యుల ముందు బల్లమీద నిజమైన తిండే వడ్డిస్తారు. అతను పనిచేస్తుండగానే కాలం మారింది. 1777లో మూడో కార్లోస్ రాజు చర్చిల్లో కొయ్య బలిపీఠాలు మాని రాయి, గారపని వాడాలని ఉత్తరువు ఇచ్చాడు. అగ్నిప్రమాదాలు ఒక కారణం, అకాడమీల కొత్త అభిరుచి మరో కారణం. రంగేసిన కొయ్య పామరుల సరుకనీ, పాలరాయే శిల్పమనీ ఆ అకాడమీలు నేర్పిన అభిప్రాయం ఒకటిన్నర శతాబ్దం పైనే నిలిచింది. 1830లలో స్పెయిన్ మఠాలు మూతపడ్డాయి. వయ్యదోలీద్ మ్యూజియానికి 1842లో పునాది పడింది ఆ మఠాల సరుకుతోనే. 1931లో మాలగ అల్లర్లలో మేన చెక్కిన సిలువక్రీస్తు కాలిపోయింది. 1936లో మొదలైన అంతర్యుద్ధం మరెన్నింటినో మింగింది.

2009లో లండన్ నేషనల్ గ్యాలరీ ఈ ప్రతిమలను వెలాస్కెజ్, సుర్బరాన్ చిత్రాల పక్కన నిలిపి ప్రదర్శించింది. చిత్రకారులు కొయ్యనుంచీ కొయ్యపనివారు చిత్రాలనుంచీ ఎంత తీసుకున్నారో అప్పుడు ఎక్కువమందికి తెలిసింది. ఎక్స్‌రే, స్కానింగ్ సాయంతో ఇప్పుడు లోపలి తొర్రలు, మేకులు, అతుకులు చూడగలుగుతున్నారు. భక్తులు ముద్దుపెట్టి అరిగిన పాదాలకు తరతరాలుగా వేసిన పూతల్లో ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది పునరుద్ధరణ నిపుణుల ముందున్న కష్టమైన ప్రశ్న. కింది పూత అసలుది అయినంత మాత్రాన పైపూతను గీకివేయడం అన్నిసార్లూ న్యాయం కాదు, ఎందుకంటే ఆ పైపూత ఆ ప్రతిమ పూజలో ఉన్న కాలానికి చెందినది. మరోవైపు పరిశోధకులు పాత దస్తావేజుల్లో శిల్పుల ఒప్పందాలతో పాటు రంగులవారి ఒప్పందాలను కూడా వెలికి తీస్తున్నారు. మ్యూజియం పలకల మీద కొన్నిచోట్ల ఇద్దరి పేర్లూ రాస్తున్నారు.